తెలిసీ వదిలిన చేయి

సత్యవేణి చేతితో మరొకరు చేసిన మొదటి పని ఒక సంతకం.

విశాఖపట్నంలో, కొండవాలు మీద ఉన్న ఒక వైద్య పరిశోధనశాలలో ఒక మార్చి నెల ఉదయం అది జరిగింది. సత్యవేణి మోచేతుల దాకా బూడిదరంగు తొడుగులు వేసుకుని బల్ల ముందు కూర్చుంది. పక్కగదిలో డాక్టర్ హైమవతి కూడా అలాంటివే వేసుకుంది. మధ్యలో గోడ ఉంది.

"చేయి వదిలెయ్ వేణీ. తడిబట్ట దండెం మీద ఆరేసినట్టు వదిలెయ్," అని చెవిలో పెట్టుకున్న స్పీకర్లో హైమవతి గొంతు వినిపించింది.

సత్యవేణి వదిలేసింది. తొడుగుల్లోని సన్నటి దారాలు బిగిశాయి. తన కుడిచేయి తనను అడక్కుండానే లేచి, పెన్ను అందుకుని, తనకు బొత్తిగా చేతకాని ఇంగ్లీషు కలిపిరాతలో 'హైమవతి' అని సంతకం చేసి, కింద ఒక గీత కూడా గీసింది. వేలికొసల్లో మాత్రం స్పర్శ తనదే. కాగితం గరుకు, పెన్ను చల్లదనం అన్నీ తెలుస్తున్నాయి. గోడ అవతల హైమవతికి కూడా అవే తెలుస్తున్నాయట. ఆమె చిన్నపిల్లలా నవ్వడం వినిపించింది.

"నాలుగేళ్ల పని వేణీ ఇది. నీ చేయి ఎంత మెత్తగా వదులుతావో. ఇప్పటిదాకా పదిమందిని చూశాను, ఎవరూ ఇలా వదల్లేదు."

సత్యవేణికి అప్పుడు ముప్పై ఆరేళ్లు. సాలూరులో అంబులెన్సు టెక్నీషియన్‌గా పదకొండేళ్లు చేసింది. సూది వెయ్యగలదు, ఆక్సిజన్ పెట్టగలదు, కాన్పు చెయ్యగలదు. కత్తి మాత్రం పట్టకూడదు. అది డాక్టర్లకే. డాక్టర్లు మైదానంలో ఉంటారు, మనుషులు ఘాట్ రోడ్డు పైన చచ్చిపోతుంటారు. ఊపిరితిత్తి చుట్టూ గాలి నిండి గిలగిలా కొట్టుకునేవాణ్ణి చూస్తూ, ఎక్కడ ఒక్క పోటు పొడిస్తే బతుకుతాడో తెలిసి కూడా, చేతులు ముడుచుకుని కూర్చున్న రోజులు ఆమె బతుకులో రెండున్నాయి. హైమవతి కూడా అత్యవసర విభాగంలో పనిచేసిన మనిషే. దారిలోనే ప్రాణం పోయి తన బల్ల మీదికి వచ్చిన వాళ్లను లెక్కపెట్టుకోవడం మానేసి, ఈ తొడుగులు తయారుచేసింది. డాక్టరు బండిలోకి రాలేనప్పుడు డాక్టరు చేయి వస్తుంది. అంతే దాని సంగతి.

శిక్షణ మూడు నెలలు సాగింది. కసాయి దుకాణం నుంచి తెచ్చిన మేకల గొంతుల మీద, ఇద్దరూ ఒకే చేత్తో కోతలు నేర్చుకున్నారు. చివరి వారంలో ఒక లాయరు వచ్చి రెండు గంటలు చట్టం చెప్పాడు. ఆ ఏడే ప్రభుత్వం దూరహస్త వైద్య చట్టం తెచ్చింది. తొడుగులు రెండు వైపుల నరాల సంకేతాలనూ రాసుకుంటాయి. డాక్టరుది నీలం గీత, టెక్నీషియనుది ఎర్ర గీత. చేయి ఎవరి సంకల్పంతో కదిలితే బాధ్యత వాళ్లది. టెక్నీషియన్ ఎడమకాలి కింద ఒక పెడల్ ఉంటుంది. జరుగుతున్నది తప్పనిపిస్తే దాన్ని తొక్కాలి. లైను తెగిపోతుంది. ఆ క్షణం నుంచి చేయి టెక్నీషియనుదే, బాధ్యతా ఆమెదే. తొక్కకపోతే ఒప్పుకున్నట్టు.

"తప్పో ఒప్పో తెలీకపోతేనండీ?" అని వెనక కూర్చున్న దమయంతి అడిగింది. సత్యవేణి చేతికిందే పని నేర్చుకున్న పిల్ల అది.

"తెలియకపోతే తొక్కవద్దు," అన్నాడు లాయరు, పేజీ తిప్పుతూ.

సాలూరులో కొత్త బండి తిరగడం మొదలుపెట్టాక సత్యవేణి ఇంటికొస్తే అత్త నరసమ్మ ఆమె చేతుల్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసేది. భర్త అప్పలస్వామి బస్సు కండక్టరు. అతనికి ఆమె మేనమామ కూతురే. ఇంట్లో ఆ ముగ్గురే.

"ఇయాల ఎవుల సెయ్యే ఇది? నీదా, ఆ డాక్టరమ్మదా?" అని అడిగేది నరసమ్మ.

"కూర కలిపినప్పుడు నాదే అత్తా."

"అయితే ఉప్పు తప్పు నీదే," అనేవాడు అప్పలస్వామి. ముగ్గురూ నవ్వుకునేవారు. ఆ నాలుగు నెలల్లో ఆ చేయి పంతొమ్మిది మందిని బతికించింది. లారీ కింద పడ్డవాడు, కాన్పులో రక్తం పోయిన ఇద్దరు, రేగుపిక్క మింగిన పిల్ల. సత్యవేణి రోజూ స్నానం చేశాక ఆ చేతులకు కొబ్బరినూనె రాసుకునేది.

అక్టోబరులో ఒక మంగళవారం పదకొండు గంటలప్పుడు జిల్లేడువలస నుంచి ఫోను వచ్చింది. అంగన్‌వాడీ నడిపే పాలిక రజని మీద తేనెటీగలు పడ్డాయి. ఇరవై ఆరేళ్ల మనిషి. పిల్లల్ని లోపలికి తోసి తలుపు వేసేసరికి తాను బయట ఉండిపోయింది. బండి చేరేటప్పటికి ఆమె మొహం గుర్తుపట్టలేనట్టు ఉబ్బిపోయింది. భర్త సన్యాసి ఆమెను వీపున మోసుకుంటూ రోడ్డు దాకా వచ్చేశాడు.

సత్యవేణి రజని తొడకు ఎడ్రినలిన్ సూది వేసింది. ఐదు నిమిషాలకు రెండోది వేసింది. ఆక్సిజన్ మాస్కు పెట్టి గాలి నొక్కుతుంటే లోపలికి పోవడం లేదు. గొంతు లోపల మూసుకుపోతోంది. బండి ఘాట్ దిగుతూ ఆరో మలుపు దగ్గరికి వచ్చేసరికి రజని పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. సత్యవేణి డ్రైవరు సింహాచలాన్ని బండి ఆపమంది. తొడుగులు వేసుకుంది. ఎడమకాలు పెడల్ పక్కన ఆనింది.

"చూస్తున్నాను," అంది హైమవతి గొంతు చెవిలో. "గొంతు ముందు కోయాలి. ఇంకో దారి లేదు. చేయి వదులు."

సత్యవేణి వదిలింది. తన ఎడమ చూపుడువేలు రజని మెడ మీద కిందికి పైకి నడిచి, కోయాల్సిన చిన్న గుంట కోసం వెతికింది. వాపు వల్ల ఏదీ స్పష్టంగా లేదు. ఒకచోట ఆగింది. కుడిచేయి కత్తి అందుకుంది.

అప్పుడు సత్యవేణికి వేలికింద ఏదో తెలిసింది. సన్నగా, వేగంగా కొట్టుకుంటోంది. కొండల మీద చాలామంది ఆడవాళ్లకుండే థైరాయిడ్ కంతి ఈమెకూ ఉంది. పైకి కనిపించనంత చిన్నది. దానిమీదుగా ఒక రక్తనాళం ఉండకూడని చోట పోతోంది.

"మేడమ్, ఏదో కొట్టుకుంటంది."

ఆ మాట వెళ్లడానికీ, జవాబు రావడానికీ ఒక ఘడియలాంటి జాగు. ఆ మలుపు దగ్గర సిగ్నల్ రెండు గీతలే. సిగ్నల్ తగ్గితే యంత్రం చిన్నచిన్న అదురుల్ని వడకట్టేసి పెద్ద కదలికల్నే పంపుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తర్వాత తెలిసింది.

"నాకేమీ తెలియడం లేదు వేణీ. అది నీ నాడే అయ్యుంటుంది. టైము లేదు."

కత్తి కదిలింది. సత్యవేణి చేయి బిగిసింది. కావాలని బిగించలేదు, వేడి గిన్నె తగిలితే బిగిసినట్టు బిగిసింది. తొడుగులోని దారాలు కిర్రుమన్నాయి. కత్తి మెడకు వెంట్రుకవాసి దూరంలో ఆగి వణికింది. ఎదురుగా సన్యాసి, తన భార్య పాదాలు పట్టుకుని కూర్చుని ఆ కత్తినే చూస్తున్నాడు. సత్యవేణికి పెడల్ గుర్తొచ్చింది. తొక్కితే కోత తానే కోయాలి. ఎక్కడ కోయాలో తనకు తెలీదు. ఎక్కడ కోయకూడదో మాత్రమే తెలుసు. అది కూడా నిజంగా తెలుసా?

"వేణీ, చేయి వదులు."

సత్యవేణి వదిలేసింది.

రక్తం బండి పైకప్పు దాకా చిమ్మింది. హైమవతి చేయి చివరిదాకా పని ఆపలేదు. నొక్కింది, పీల్చింది, గొట్టం దూర్చింది. గొట్టంలోకి గాలికి బదులు రక్తమే పోయింది. పదకొండు నిమిషాల తర్వాత తొడుగులు మెత్తబడ్డాయి. చెవిలో ఏడుపులాంటిది వినిపించి లైను తెగింది. సన్యాసి ఇంకా పాదాలు పట్టుకునే ఉన్నాడు.

గీతలు మర్నాడే బయటపడ్డాయి. అంబులెన్సులు నడిపే సంస్థ ఆఫీసులో వాటిని గోడంత తెర మీద చూపించారు. నీలం గీత చక్కగా సాగుతోంది. దానికి అడ్డంగా ఎర్ర గీత పైకి లేచి, ఒకటిన్నర సెకను నిలబడి, మళ్లీ పడిపోయింది. సంస్థ తరఫు లాయరు ఆ గుట్ట మీద పెన్నుతో కొట్టాడు. చేయి బిగిసినందువల్లే కత్తి నాలుగు మిల్లీమీటర్లు పక్కకు పోయిందని అతని వాదన. రజని వాళ్ల తరఫు లాయరుది ఇంకో వాదన. టెక్నీషియనుకు ప్రమాదం తెలిసింది, తెలిసీ పెడల్ తొక్కలేదు, తెలిసీ వదిలేసింది. ఇద్దరూ ఒకరికొకరు బద్ధవిరోధులు. ఇద్దరి వేళ్లూ ఆ ఎర్ర గీత మీదే ఉన్నాయి.

సత్యవేణిని విధుల నుంచి తప్పించారు. సంస్థలోనే ఆమె మీద జాలిపడ్డ పెద్దమనిషి ఒకాయన చాటుగా ఒక దారి చెప్పాడు. విచారణ సంఘం ముందు కండరం పట్టేసిందని చెప్పు, నీకేమీ తెలియలేదని చెప్పు, అప్పుడు అది శరీర దోషమవుతుంది, ఎవరి తప్పూ కాదు, అన్నాడు.

అప్పలస్వామి ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ మాటే పట్టుకున్నాడు. "చెప్పీ. నొప్పెట్టిందని చెప్పీ. నీ చెయ్యి నొప్పెట్టలేదని వచ్చి చూసినోడెవడు?"

"తెలిసింది కదా బావా."

"ఏటి తెలిసింది? సగం తెలిసింది. సగం తెలిసిందానికి జైలుకెళ్తావా?"

నరసమ్మ కంచం మీద నుంచి తలెత్తకుండా అంది, "దాన్నొగ్గీరా. తిననీ."

సత్యవేణి తినలేకపోయింది. అప్పటికి పదిహేను రోజులుగా ఆమె కుడిచేయి అన్నం ముద్ద చేసి మధ్యలో ఆగిపోతోంది. ఏ పని చెయ్యబోయినా చెవిలో మాట కోసం ఎదురుచూస్తున్నట్టు ఒక క్షణం నిలబడుతోంది.

సన్యాసి ఒకసారి వచ్చాడు. మధ్యాహ్నం, ఎండలో నడిచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నరసమ్మ మజ్జిగ ఇస్తే తాగాడు. తిట్టలేదు. చాలాసేపు సత్యవేణి చేతులకేసి చూసి అడిగాడు.

"అమ్మా, కత్తి ఆగింది. నాను సూసినాను. నువ్వే ఆపినావా?"

"నేనే."

"మరెందుకు ఒగ్గేసినావు?"

"నాకంటే ఆమెకు ఎక్కువ తెలుసనుకున్నాను."

అతను తల ఊపాడు. అది తనకు అర్థమయ్యే మాటేనన్నట్టు ఊపాడు. "ఆ లాయర్లు ఏటేటో సెప్తన్నారు. నాకేటీ తెలీడం లేదు. నువ్వు ఈ ముక్క సెప్పీ సాలు," అని లేచి వెళ్లిపోయాడు.

విచారణకు రెండు రోజుల ముందు హైమవతి వచ్చింది. విశాఖ నుంచి తనే కారు నడుపుకుంటూ వచ్చింది. ఆమెను సత్యవేణి ఎదురుగా చూడడం శిక్షణ తర్వాత అదే మొదలు. మనిషి సగమైపోయింది. వంటింట్లో పీట మీద కూర్చుంది.

"నేను అబద్ధం చెప్పను వేణీ. నువ్వు కొట్టుకుంటోందన్నావు, నేను విన్నాను, కాదన్నాను. అదంతా చెప్తాను. కానీ నాకు నిజంగా ఏమీ తెలియలేదు. రోజూ రాత్రి ఆ గీత ముందు కూర్చుంటున్నాను. నీకు ఎలా తెలిసిందో నాకొక్కసారి చెప్పవా?"

సత్యవేణికి మాటల్లో చెప్పడం చేతకాలేదు. హైమవతి చూపుడువేలు పట్టుకుని తన మెడ మీద, దవడ కింద, మెల్లగా ఆనించింది. గట్టిగా నొక్కనివ్వలేదు. "ఇంతకంటే తేలికగా, మేడమ్. ఇంకా తేలికగా."

హైమవతి కళ్లు మూసుకుంది. వేలు అక్కడే ఉంచి చాలాసేపు కూర్చుంది. ఇద్దరి మధ్యా తొడుగు లేకుండా ఆ వేలు ఆ చర్మాన్ని తాకడం అదే మొదటిసారి. తర్వాత లేచి, ముఖం కడుక్కుని, నరసమ్మకు దండం పెట్టి వెళ్లింది.

విచారణ సంఘం విజయనగరంలో కూర్చుంది. హైమవతి చెప్తానన్నదంతా చెప్పింది. యంత్రం ఆ అదురును ఆమెకు అందించలేదని రికార్డులో తేలింది కనుక, ఆమె అందిన సమాచారం మేరకు సరిగానే నడుచుకుందన్నారు. యంత్రం దాని నిబంధనల ప్రకారమే వడకట్టిందన్నారు. ఇక మిగిలింది సత్యవేణి. అధ్యక్షుడు ముసలి జడ్జి. కళ్లజోడు తీసి మర్యాదగానే అడిగాడు.

"అమ్మా, ఆ ఒకటిన్నర సెకనులో మీ చేయి దానంతటదే బిగుసుకుందా? లేక మీకేదైనా తెలిసిందా?"

ముందు వరసలో అప్పలస్వామి కూర్చున్నాడు. కండక్టరు ఖాకీ చొక్కా మీదే వచ్చాడు. అతని పెదవులు 'నొప్పి, నొప్పి' అని కదులుతున్నాయి. రెండో వరసలో చివరన సన్యాసి ఉన్నాడు.

"తెలిసిందండి," అంది సత్యవేణి. "వేలికింద కొట్టుకుంది. చెప్పాను. వదలమన్నారు. వదిలేశాను."

"తెలిసినప్పుడు పెడల్ ఎందుకు తొక్కలేదు?"

"తొక్కితే నేను కోయాలి. నాకు రాదు. తొక్కకపోతే ఆమె కోస్తుంది. ఆమెకు వచ్చు. నాకు తెలిసింది సరైనదో కాదో చూసుకోడానికి టైము లేదండి."

జడ్జి ఆ మాటను తన చేత్తోనే కాగితం మీద రాసుకున్నాడు. ఆయన ముఖంలో దయ ఉంది. చట్టంలో మాత్రం రెండే మాటలున్నాయి, తొక్కడం, తొక్కకపోవడం. తీర్పు నలభై పేజీలు వచ్చింది. అందులో ఒక్క వాక్యం పేపర్లలో పడింది. 'ఇది తెలియక జరిగిన తప్పు కాదు, తెలిసీ వదిలిన చేయి.' నిజం చెప్పింది కనుక జైలు వెయ్యలేదు. జీవితాంతం ఏ రోగినీ చికిత్స కోసం తాకకూడదన్నారు. తాకితే అది నేరం.

సన్యాసి మెట్ల దగ్గర ఆగాడు. ఆమెతో ఏమైనా అంటాడేమోనని సత్యవేణి చూసింది. అతను తువ్వాలుతో మొహం తుడుచుకుని బస్టాండు వైపు నడిచాడు. అతనికి కావలసిన మాట దొరికింది. దానివల్ల అతనికి ఏమీ తేలిక కాలేదు.

ఆ తర్వాత ఏడాదిలో రెండు పనులు జరిగాయి. మిగతా టెక్నీషియన్లు భయపడిపోయి, చేయి బిగిస్తే గీత వస్తుందని, గీత వస్తే అడుగుతారని, ఏది తెలిసినా పళ్లు బిగబట్టి వదిలెయ్యడం మొదలుపెట్టారు. సగంమంది ఉద్యోగం మానేశారు. రెండోది హైమవతి చేసింది. ఒకరోజు పొద్దున్నే ఫోను చేసింది. గొంతులో చాలా రోజుల తర్వాత కొంచెం ఉత్సాహం ఉంది.

"వేణీ, మార్గం దొరికింది. తొడుగు వేసుకునే ముందు చేతులకు ఒక మందు రాస్తాం. ఆరు గంటలు స్పర్శ ఉండదు. చేయి పనిచేస్తుంది, కానీ మనిషికి ఏమీ తెలియదు. తెలియకపోతే బిగుసుకోదు. ఇక ఎర్ర గీతే ఉండదు. నీకు జరిగింది ఇంకెవరికీ జరగదు."

సత్యవేణి ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"మేడమ్, ఆ సిగ్నల్ సంగతి? వేలికింద కొట్టుకునేది మీకు అందాలి కదా?"

"దానికి ఇంకా ఏళ్లు పడుతుంది. అందాకా మీ వాళ్లు ఇలా ఒక్కొక్కరే బలైపోతుంటే నేను చూడలేను. పోనీ ఇదైనా నన్ను చెయ్యనీ. నీకోసమే చేశాను వేణీ."

ఆ మాట నిజమని సత్యవేణికి తెలుసు. తిట్టడానికి కూడా ఎవరూ దొరకలేదు. చట్టాన్ని కూడా మార్చారు. రోగిని డాక్టరు చేయి తప్ప మరే చేయీ తాకకూడదు. మూడో మనిషి చర్మం తగిలితే తొడుగులు పసిగట్టి లైను తెంపేస్తాయి. మళ్లీ కలవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. అలాగైతే రికార్డు శుభ్రంగా ఉంటుందన్నారు.

మే నెలలో నరసమ్మకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఊళ్లో చాలామందికి వచ్చాయి, నీళ్లలో ఏదో కలిసిందన్నారు. మొదటి రోజు ముసలమ్మ ఎవరికీ చెప్పలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి కళ్లు లోతుకు పోయాయి, పిలిస్తే పలకడం మానేసింది. సాలూరు ఆసుపత్రిలో మంచాలు నిండిపోయాయి, విజయనగరం తీసుకెళ్లమన్నారు. అంబులెన్సు వచ్చింది. అందులోంచి దమయంతి దిగింది.

"అక్కా," అని ఆగిపోయింది.

సత్యవేణిని, అప్పలస్వామిని కుటుంబ సభ్యులుగా వెనక ఎక్కనిచ్చారు. బండి కదిలింది. బీపీ చూసే యంత్రం అంకె చూపించలేక గీతలు చూపించింది. రక్తనాళంలోకి సెలైన్ ఎక్కించాలి. ఎముకలోకి ఎక్కించే సూదులు ఆ వారం రోగుల రద్దీకి అయిపోయాయి. దమయంతి తొడుగులు వేసుకుని, ఎవరో కొత్త డాక్టరుకు చేయి వదిలేసింది. ఆ చేయి నరసమ్మ ముంజేతి మీద వెతికింది, సూది దించింది. రక్తం రాలేదు. మళ్లీ దించింది. ముసలి చర్మం కింద నరం పక్కకు జారిపోయింది. రెండో చేతికి మారింది. అక్కడా అంతే.

సత్యవేణికి నరం కనిపిస్తూనే ఉంది. కళ్లకు కనిపించడం కాదు. పదేళ్లు ఆ చేతికి నూనె రాసింది, గాజులు తొడిగింది. మోచేతి మడతకు రెండు వేళ్లు కింద, లోపలివైపు, లోతుగా ఒకటి ఉంటుంది. వేలికొస ఆనిస్తే వానపాములా మెత్తగా కదులుతుంది.

"దమయంతీ, మోచేతికి కింద, లోపలివైపు. వేలు పెట్టి చూడు."

"నాకేటీ తెలీడం లేదక్కా," అంది దమయంతి. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "వేళ్లు నావి కానట్టున్నాయి. డాక్టరు గారికి చెప్తాను ఉండు." చెప్పింది. అటునుంచి ఏదో జవాబొచ్చింది. చేయి ఆ చోటికి వెళ్లింది, వేలు గట్టిగా నొక్కింది. అంత గట్టిగా నొక్కితే ఆ నరం అణిగిపోతుంది, దొరకదు. సూది దిగింది. రాలేదు.

నరసమ్మ ఊపిరి పొడిగా, దూరదూరంగా వస్తోంది.

సత్యవేణి సీటు అంచుకు జరిగింది. లైను తెగితే తెగనీ. నాలుగు నిమిషాలు అక్కర్లేదు, తనకు అర నిమిషం చాలు. ఆమె కుడిచేయి లేచింది. ఏడాదిన్నరగా ప్రతి పనికీ మధ్యలో ఆగిపోతున్న ఆ చేయి ఈసారి ఎక్కడా ఆగలేదు. అత్త చర్మం జానెడు దూరంలో ఉండగా అప్పలస్వామి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దే."

"బావా, వదులు. నాకు తెలుసు ఎక్కడుందో."

"ముట్టుకుంటే నిన్ను తీసుకుపోతారు."

"పోనీ. మీ అమ్మ బావా."

"తెలుసు," అన్నాడు. అతను రెండు చేతులతో ఆమె రెండు మణికట్లూ పట్టుకుని తన ఒళ్లో అదిమిపెట్టుకున్నాడు. తలుపు వైపు తిరిగి ఏడుస్తూనే పట్టు బిగించాడు. "ఆమె ఉంటాదో ఉండదో నాకు తెలీదు. నువ్వు పోతావని తెలుసు. నన్నేటి చెయ్యమంటావు?"

సత్యవేణి లాక్కుంది, గింజుకుంది, అతని భుజం కొరికింది. ముప్పై ఏళ్లు టిక్కెట్లు కొట్టిన చేతులు, బస్సు కుదుపుల్లో కమ్మీలు పట్టుకున్న చేతులు వదల్లేదు. దమయంతి చేయి మాత్రం ఏమీ పట్టనట్టు, నెమ్మదిగా, పద్ధతిగా ఆరోసారి సూది దించుతోంది. గజపతినగరం దాటాక ఊపిరి ఒకటి వచ్చి, రెండోది రాలేదు. డాక్టరు చేయి గుండె మీద నొక్కడం మొదలుపెట్టింది. విజయనగరం దాకా నొక్కుతూనే ఉంది.

ఆసుపత్రి వరండాలో స్ట్రెచర్ పక్కన దమయంతి ఒక ఎలక్ట్రానిక్ పలక తెచ్చి అప్పలస్వామి ముందు పెట్టింది. స్పర్శ ఇంకా రాలేదు. పెన్ను ఆమె వేళ్లలోంచి రెండుసార్లు కిందపడింది. తెర మీద వరసగా ఉన్నాయి. మరణించిన సమయం. కారణం. విధాన లోపం: లేదు. బాధ్యులు: లేరు. కింద కుటుంబ సభ్యుల సంతకం కోసం ఖాళీ.

అప్పలస్వామి దాన్ని రెండుసార్లు చదివాడు. చొక్కా భుజం మీద పళ్లగాటు దగ్గర రక్తం చెమ్మగా ఉంది.

"నేను పట్టుకున్నాను కదా," అన్నాడు. "దీని చేతులు. నేను పట్టుకోకపోతే బతికుండేది గావాల. అదెక్కడ రాయాలి?"

దమయంతి తెరను పైకీ కిందికీ జరిపి చూసింది.

"అది రాయడానికి చోటు లేదన్నా," అంది. "సంతకం పెట్టండి."

అతను గోడకు ఆనుకుని నిలబడ్డ సత్యవేణి వైపు తిరిగాడు. ఆమె చూపు స్ట్రెచర్ మీదే ఉంది. మణికట్ల చుట్టూ అతని వేళ్ల అచ్చులు ఎర్రగా లేచి ఉన్నాయి. కాసేపు చూసి, అతను పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు.